బోటు మ్యాసరేటర్ టాయిలెట్‌కి ఏ పేపర్ కొనాలి? ముందు ఒక సీసా తీసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఈమధ్యే ఒక పాత బోటు కొన్నారు. టాయిలెట్ ఎలక్ట్రిక్‌ది, మ్యాసరేటర్ ఉంది, అంటే లోపల పడ్డదాన్ని నలిపి తోసే మోటారు. బోట్ల కోసమే ప్రత్యేకంగా చేశామని చెప్పుకునే పేపర్ మామూలు దానికి కొన్ని రెట్లు ఖరీదు. అదే కొనాలా, ఇంట్లో వాడే మెత్తటి మూడు పొరల రోల్ సరిపోతుందా, లేక పక్క బోటాయన అన్నట్టు అందులో అసలు పేపరే వేయకూడదా?

ముందు జవాబు చెప్పేసి తర్వాత కారణాల్లోకి వెళ్తాను. ప్రత్యేక పేపర్ అక్కర్లేదు. మూడు పొరల మెత్తటిది వద్దు. రంగు, సెంటు, లోషన్ ఏమీ లేని సాదా పేపర్ చాలు, ఒక పొరదైనా సరే, రెండు పొరలదైనా సరే. కాకపోతే అది సీసా పరీక్షలో నెగ్గాలి. ఆ పరీక్ష సంగతి కింద చెప్తాను. ఇక పక్క బోటాయనది బహుశా చేత్తో పంపు కొట్టే టాయిలెట్ అయి ఉంటుంది. అక్కడ ఆ మాటకు అర్థం ఉంది, మీ దగ్గర అంత లేదు.

అడ్డుపడిన బోటు టాయిలెట్లు చాలా ఏళ్లుగా విప్పుతున్నాను. పేపర్ వల్ల బ్లేడ్ ఆగిపోయిన కేసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మ్యాసరేటర్ అంటే మిక్సీ లాంటిదే అనుకోండి. చిన్న మోటారు, దాని కొసన స్టీలు బ్లేడ్లు, నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. పేపర్ దానికి ఓ లెక్క కాదు. మీరు ఎంత నాసి పేపర్ వేసినా, ఎంత మందపాటిది వేసినా ముక్కలు చేసి అవతలికి తోసేస్తుంది. గొడవంతా ఆ అవతలే. మోటారు దాటాక గొట్టం ఉంది, గొట్టంలో మలుపులు ఉన్నాయి, పోయింది వెనక్కి రాకుండా ఆపే రబ్బరు జోకర్ వాల్వ్ ఉంది, పైకి ఎక్కి దిగే వంపు ఉంది, చివర మురుగు నిల్వ చేసే ట్యాంక్ ఉంది. పేపర్ ఎంచుకునేది వీటన్నిటి కోసం, బ్లేడ్ కోసం కాదు.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. ప్యాకెట్ మీద "నీళ్లలో కరిగిపోతుంది" అని రాస్తారు. పేపర్ కరగదు. ఉప్పు కరుగుతుంది, చక్కెర కరుగుతుంది. పేపర్ అంటే చెట్టు పీచు, అది విడిపోతుంది అంతే. పొడిగా ఉన్నప్పుడు పీచుపోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, నీళ్లు తగలగానే ఆ పట్టు వదులుతుంది. పోగులు పొట్టిగా ఉంటే ఇట్టే చెదిరి జావ అవుతాయి. పొడుగ్గా ఉంటే పెనవేసుకుని ముద్దగా ఉంటాయి. ఇప్పుడు ఫ్యాక్టరీలో పేపర్ ఎలా చేస్తారో గుర్తు తెచ్చుకోండి. పీచు కలిపిన నీళ్లను జల్లెడ లాంటి తెర మీద పోస్తారు, నీళ్లు కిందికి కారిపోతాయి, పైన పీచు అట్ట కడుతుంది. మీ గొట్టంలో కూడా నీళ్లు జారిపోయి పీచు ఒక్కటే మలుపు దగ్గర మిగిలితే జరిగేది అదే. అక్కడ మీకు తెలియకుండా ఒక పేపర్ మిల్లు నడుస్తోందన్నమాట.

ఇది నా కళ్లతో చూసిందే. ఒక కుటుంబం బోటు, కొత్త మ్యాసరేటర్ బిగించి నాలుగు నెలలు కూడా కాలేదు. "మోటారు పోయింది, పెద్దగా అరుస్తోంది, టాయిలెట్ బేసిన్ ఖాళీ అవ్వట్లేదు" అని పిలిచారు. మోటారు విప్పాను, బ్లేడ్లు తళతళలాడుతున్నాయి. బేసిన్ నుంచి గొట్టం వెంట వెళ్తూ పైవంపు దాటాక వచ్చే మొదటి మలుపు దగ్గర చేత్తో నొక్కితే గట్టిగా తగిలింది. క్లిప్పు వదులు చేసి గొట్టం లాగేసరికి సీసా బిరడా లాంటిది ఒకటి నా అరచేతిలో పడింది. బూడిద రంగులో ఉంది, తడిసిన అట్ట వాసన. విరిచి చూస్తే లోపల పొరలు పొరలుగా ఉంది, ఒక్క పెద్ద ముక్క లేదు. అంటే బ్లేడ్ తన పని శుభ్రంగా చేసింది. ఇంట్లో వాళ్లను అడిగితే తెలిసింది, సముద్రపు నీళ్లతో ట్యాంక్ త్వరగా నిండిపోతోందని అందరూ బటన్ రెండు మూడు సెకన్లు మాత్రమే నొక్కి వదిలేస్తున్నారట. పైగా పిల్లలకు పిడికెడేసి పేపర్ తీసుకునే అలవాటు. పేపర్ మూడు పొరల మెత్తటిది. ఆ తప్పులో పేపర్ వాటా పావువంతు, మిగతా ముప్పావు బటన్ మీద వేలిదే.

అందుకే పేపర్ కంటే ముందు నీళ్ల లెక్క చూడమంటాను. కష్టమైన లెక్కేం కాదు. లోపలి వ్యాసం 25 మి.మీ. ఉన్న గొట్టంలో మీటరుకు దాదాపు అర లీటరు నీళ్లు పడతాయి. 38 మి.మీ. గొట్టమైతే మీటరుకు ఒక లీటరు పైనే, ఖచ్చితంగా చెప్పాలంటే 1.13 లీటర్లు. మీ టాయిలెట్ నుంచి ట్యాంక్‌కి మూడు మీటర్ల దూరం ఉందనుకోండి. సన్న గొట్టంలో ఉన్నది మొత్తం ట్యాంక్‌లోకి తోయాలంటే ఒకటిన్నర లీటరు వెళ్లాలి, లావు గొట్టమైతే మూడున్నర లీటర్ల దాకా. అంతకంటే తక్కువ పంపితే మీరు వేసిన పేపర్ దారిలోనే ఎక్కడో ఆగి తర్వాతి మనిషి కోసం ఎదురుచూస్తుంది. గొట్టం లావుగా ఉంటే మంచిదనుకుంటారు చాలామంది. చేతిపంపుకి అది నిజమే. మ్యాసరేటర్‌కి మాత్రం తయారీదారు సన్న గొట్టం చాలన్న చోట సన్నదే మేలు, తక్కువ నీళ్లతో ఖాళీ అవుతుంది.

ఇప్పుడు కొట్లో ఏం చూడాలో చెప్తాను. పొరల సంఖ్యను చూసి భయపడకండి. ఒంటిపొర పేపర్ కొంటే మనిషి దాన్ని నాలుగు మడతలు వేసి వాడతాడు, చివరికి రెండు పొరల దానితో సమానంగానే గొట్టంలోకి వెళ్తుంది. అసలు చూడాల్సింది ఆ పొరలను ఎలా అతికించారన్నది. దుప్పటి కుట్టినట్టు పూలూ గళ్లూ నొక్కి, ఉబ్బుగా చేసిన ఖరీదైన పేపర్లలో పొరల మధ్య జిగురు ఉండొచ్చు. కొన్నిటిలో తడిసినా వెంటనే చిరగకుండా ఉండేందుకు కాస్త రసాయనం కూడా కలుపుతారు. చేతికి హాయిగా ఉండే ప్రతి గుణం గొట్టానికి ఇబ్బందే. లోషన్ రాసినవి నీళ్లు త్వరగా పీల్చుకోవు, వాటినీ పక్కన పెట్టండి. రీసైకిల్ చేసిన పేపర్‌లో పీచు మళ్లీ మళ్లీ నలిగి పొట్టిదై ఉంటుంది కాబట్టి సాధారణంగా బాగా చెదురుతుంది. కాస్త గరుకుగా ఉంటుందని ఇంట్లో వాళ్లు సణిగితే సణగనివ్వండి. వెదురు పేపర్ గురించి ఒకే మాట చెప్పలేం, ఒకటి ఇట్టే విడిపోతుంది, ఇంకొకటి మొండికేస్తుంది. బోట్ల పేపర్, క్యాంపింగ్ వ్యాన్ల పేపర్ అని అమ్మేవి మంచివే, కాదనను. వాటిలో కొన్ని నిజంగా చిటికెలో చెదిరిపోతాయి. కానీ మామూలు చవక పేపర్ అదే పని చేస్తున్నప్పుడు ఆ పేరు కోసం అదనంగా పెట్టడం నాకు అర్థం లేనిదిగా అనిపిస్తుంది.

మరి ఏది చెదురుతుందో ఎలా తెలుస్తుంది? సీసానే చెప్పాలి. మూత ఉన్న లీటరు గాజు సీసా తీసుకుని సగం దాకా నీళ్లు పోయండి. ఏ నీళ్లంటే, మీ టాయిలెట్ ఏ నీళ్లతో ఫ్లష్ అవుతుందో అవే. సముద్రపు నీళ్లయితే సముద్రపు నీళ్లే, చల్లగా ఉంటే చల్లగానే. వేడి కుళాయి నీళ్లతో చేస్తే పాసవ్వకూడని పేపరూ పాసైపోవచ్చు. నాలుగు కాగితాలు మీరు మామూలుగా ఎలా నలిపి వాడతారో అలాగే నలిపి వేయండి. ఒక నిమిషం కదపకుండా ఉంచండి. తర్వాత సీసాను పదిసార్లు నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి, కుదిపేయొద్దు. మంచి పేపర్ అయితే ఈ పాటికే అంచులు పీలికలై, మంచు కురిసినట్టు తెల్లటి తునకలు తేలుతుంటాయి. ఇప్పుడు మూత బిగించి పది సెకన్లు గట్టిగా కుదపండి. ఇది మీ బ్లేడ్ చేసే పని అనుకోండి. పల్చటి జావలా అయిపోవాలి. చదరాలు చదరాలుగానే కనిపిస్తున్నా, ఉండ కట్టి ఒక మూలకు చేరినా ఆ పేపర్ బోటు ఎక్కకూడదు.

ఇంకో మెట్టు ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ జావను అలాగే రాత్రంతా ఉంచి, పొద్దున కదపకుండా మెల్లగా పై నీళ్లు వంచేయండి. అడుగున మిగిలిన పీచు మీద గ్లాసుడు నీళ్లు పోయండి. అది మళ్లీ చెదిరితే మీ ట్యాంక్ క్షేమం. అట్టలా అతుక్కుని కూర్చుంటే ట్యాంక్ అడుగున కూడా అలాగే కూర్చుంటుంది.

మొదటిసారి చేసేవాళ్లకు పోలిక తెలియదు కాబట్టి పక్కన ఇంకో సీసాలో వంటింటి టిష్యూ టవల్ ముక్క వేసి చూడండి. దాన్ని ఎంత కుదిపినా చిరగదు. చేతులు తుడుచుకునే పేపర్‌లో, వంటింటి టవల్‌లో తడిలోనూ గట్టిగా నిలిచేలా ఒక రెజిన్ కలుపుతారు, ముక్కు తుడుచుకునే టిష్యూలో కూడా చాలావాటిలో అది ఉంటుంది. టాయిలెట్ రోల్ అయిపోయింది కదా అని పక్కన ఉన్న టిష్యూ డబ్బా అందుకున్న అతిథి వల్ల ఎన్ని గొట్టాలు విప్పానో. అందుకే టాయిలెట్‌లో టిష్యూ డబ్బా చేతికి అందేలా పెట్టొద్దు. అసలు పెట్టనే వద్దు.

తడి తుడుపుల గురించి, అదే వైప్స్ గురించి, నాకు కాస్త కోపం ఉంది. ప్యాకెట్ మీద "ఫ్లష్ చేయొచ్చు" అని రాసి ఉన్నవి కూడా కలిపే చెప్తున్నాను. ఒకసారి పంతానికి పోయి అలాంటి వైప్ ఒకటి సీసాలో వేసి నెల రోజులు ఉంచాను, గుర్తొచ్చినప్పుడల్లా కుదుపుతూ. నెల తర్వాత బయటికి తీసి పిండితే దానితో బల్ల తుడిచాను, చిరగలేదు. అవి పేపర్ కాదు, నేయకుండా అతికించిన బట్ట. బ్లేడ్ దాన్ని కోయలేక ఇరుసుకు చుట్టుకుంటుంది. రెండోది పడితే మొదటిదాని మీద పేనుకుంటుంది, జుట్టూ, దంతాల మధ్య శుభ్రం చేసే దారమూ కూడా కలిస్తే అచ్చం తాడు పేనినట్టే. ఆ తాడు కోసి తీయడానికి నాకు ఒకసారి గంటన్నర పట్టింది, కత్తెర పనికిరాలేదు, చిన్న రంపం బ్లేడు వాడాను. పేపర్ అడ్డుపడితే ఓపిక పడితే తొలగుతుంది. వైప్ అడ్డుపడితే విప్పాల్సిందే.

ట్యాంక్ సంగతి కూడా పేపర్‌తో ముడిపడిందే. నీళ్లు పొదుపు చేసి చేసి పంపితే లోపలికి వచ్చే గొట్టం కిందే పేపరూ మలమూ గుట్టలా పేరుకుంటాయి. కొంతకాలానికి ఆ గుట్ట శిఖరం గొట్టం మూతిని ముట్టుకుంటుంది. ట్యాంక్ సగం కూడా నిండలేదు, కానీ ఫ్లష్ అవ్వదు. లెవల్ చూపే తేలే బంతికి పేపర్ అంటుకుంటే ఖాళీ ట్యాంక్ కూడా నిండినట్టే చూపిస్తుంది, అప్పుడు మీటర్ మార్చేసి డబ్బు తగలేసేవాళ్లు ఉన్నారు. ప్రతిసారి ట్యాంక్ ఖాళీ చేయించాక మంచినీళ్లు కొన్ని పోసి ఇంకోసారి లాగించండి. బోటును నెలల తరబడి వాడకుండా వదిలే ముందు ఇది మరీ ముఖ్యం. అడుగున మిగిలిన పీచు ఎండితే గోడకు అతికించిన పోస్టర్‌లా పట్టేస్తుంది.

60 లీటర్ల ట్యాంక్, ఫ్లష్‌కి 3 లీటర్లు అనుకుంటే 20 ఫ్లష్‌లు. ఇద్దరు మనుషులకు ఒక వారాంతం సులువుగా గడుస్తుంది, ఆరుగురికి రోజు గడవడం కష్టం. జనం ఎక్కువైన రోజున నీళ్లు తగ్గించకండి, పేపర్ తగ్గించండి. మూత్రానికి వాడిన పేపర్ మూత ఉన్న చెత్తబుట్టలో వేయమని చెప్పండి. శుభ్రం చేసుకోవడానికి చేతి స్ప్రే వాడేవాళ్లకు తుడుచుకోవడానికి రెండు కాగితాలు చాలు. అయితే ఆ స్ప్రే నీళ్లు కూడా ట్యాంక్‌లోకే వెళ్తాయని, మంచినీటి నిల్వ నుంచే వస్తాయని మర్చిపోవద్దు.

పేపర్ మార్చలేదు, అలవాట్లు మారలేదు, అయినా ఈమధ్య అడ్డుపడుతోంది అంటే పేపర్‌ని వదిలేసి వేరే చోట వెతకండి. ముందు బేసిన్‌లోకి నీళ్లు మునుపటిలా వస్తున్నాయా చూడండి. సముద్రపు నీళ్లు లాగే చోట జల్లెడలో నాచు పట్టి ఉండొచ్చు, పంపులో తిరుగుతూ నీళ్లను తోసే రబ్బరు చక్రం, అదే ఇంపెల్లర్, అరిగి ఉండొచ్చు. తర్వాత కరెంటు. ఈ మోటార్లు 12 వోల్టుల మీద చాలావరకు 15 నుంచి 25 ఆంపియర్లు లాగుతాయి. వైరు సన్నదైతే, బ్యాటరీ దిగిపోయి ఉంటే బ్లేడ్ నీరసంగా తిరుగుతుంది, శబ్దం సన్నగా కీచుమనే బదులు మూలుగుతున్నట్టు వస్తుంది. చివరగా గొట్టం లోపలి గార. మూత్రం, సముద్రపు నీళ్లు కలిస్తే గోడలకు సున్నం లాంటి పొర కడుతుంది. 38 మి.మీ. గొట్టం లోపల బొటనవేలు పట్టేంత సందే మిగిలిన ముక్కలు చూశాను. లోపల గరుకుగా ఉంటుంది కాబట్టి ప్రతి పీచూ దానికి తగులుకుంటుంది. అప్పుడప్పుడూ రాత్రి పడుకునే ముందు తెల్ల వెనిగర్ పోసి, అది గొట్టం పొడవునా నిలిచేలా కాస్త మోటారు నడిపి ఆపి, పొద్దున కడిగేస్తే ఆ పొర అంత త్వరగా పేరుకోదు. బ్లీచింగ్ ద్రావణాలు మాత్రం తరచూ పోయొద్దు, రబ్బరు భాగాలు పాడవుతాయి.

ఒకవేళ పేపర్ ఇరుక్కుంటే? బటన్ పదేపదే నొక్కకండి. తిరగని మోటారు నిమిషాల్లో వేడెక్కి కాలిపోతుంది. కాలువలు శుభ్రం చేసే ఘాటైన రసాయనాలు అస్సలు వద్దు. రబ్బరు తింటాయి, తర్వాత గొట్టం విప్పే మనిషి ముఖాన చిమ్ముతాయి, ఆ మనిషి చాలాసార్లు నేనే. గోరువెచ్చటి నీళ్లలో పాత్రలు కడిగే ద్రవం కొన్ని చుక్కలు కలిపి పోసి, మోటారుకు కరెంటు ఆపే స్విచ్, అంటే బ్రేకర్, ఆపేసి రాత్రంతా వదిలేయండి. పేపర్ బిరడా అయితే నాని మెత్తబడుతుంది. పొద్దున బ్రేకర్ ఆన్ చేసి ఒక్క సెకను నొక్కి చూడండి. కొన్ని మోటార్లకు వెనక స్క్రూడ్రైవర్ పెట్టి ఇరుసును చేత్తో తిప్పేలా గాడి ఉంటుంది, బ్రేకర్ ఆపి అదీ ప్రయత్నించొచ్చు. ఏది విప్పాలన్నా ముందు బ్రేకర్ ఆపాలి, నీళ్లు లోపలికి వచ్చే వాల్వూ బయటికి పోయే వాల్వూ రెండూ మూయాలి. గొట్టం విప్పి వాల్వ్ మరిస్తే సముద్రం లోపలికి వస్తుంది.

ఒక మాట, మీరు అడగకపోయినా. మ్యాసరేటర్ ఉంది, అంతా మెత్తగా నలుగుతుంది కాబట్టి నేరుగా సముద్రంలోకి వదిలేయొచ్చని కొందరు అనుకుంటారు. నలిపినంత మాత్రాన శుద్ధి అయినట్టు కాదు. ఓడల కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్‌లోని నాలుగో అనుబంధం, దేశాల మధ్య తిరిగే ఓడల్లో 400 గ్రాస్ టన్నేజి, ఆపైన ఉన్నవాటికి, అంతకంటే చిన్నవైనా 15 మందికి మించి ఎక్కించుకునేవాటికి వర్తిస్తుంది. నలిపి, క్రిమిరహితం కూడా చేసిన మురుగైతే తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక, అలా చేయనిదైతే 12 దాటాక మాత్రమే వదలాలని అందులో ఉంది. మీ చిన్న బోటుకు మీ ప్రాంతపు నియమమే వర్తిస్తుంది, అది ఇంతకంటే కఠినంగా ఉండొచ్చు. రేవులో, లంగరు వేసిన చోట ట్యాంక్‌లోకే వెళ్లనివ్వండి.

ఇక మీ బోటులో బటన్ ఎన్ని సెకన్లు నొక్కాలో మీరే కనుక్కోవచ్చు. లోపలికి వచ్చే నీళ్ల వాల్వ్ మూసి, బేసిన్‌లో రెండు లీటర్లు కొలిచి పోయండి. బటన్ నొక్కి, అవి పూర్తిగా పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూసుకోండి. ఖాళీ అవగానే ఆపేయండి, పొడిగా తిరగనివ్వొద్దు. నాలుగు సెకన్లు పట్టిందంటే మోటారు సెకనుకు అర లీటరు తోస్తోంది. అయితే నీళ్లు తెచ్చే పంపు అంత వేగంగా తేకపోవచ్చు కాబట్టి దాన్నీ విడిగా చూడాలి. కొన్ని మోడళ్లలో రెండూ ఒకే మోటారు మీద నడుస్తాయి, అలాంటప్పుడు వాల్వ్ మూయకుండా, మగ్గుతో నీళ్లు కొలిచి పోసి, బేసిన్‌లో నీటిమట్టం గమనిస్తూ చేయండి. గొట్టం పొడవు, లోపలి వ్యాసం కొలిచి పైన చెప్పిన లెక్కలో వేసి, వచ్చిన లీటర్లను సెకనుకు వెళ్లే లీటర్లతో (రెండింటిలో నెమ్మదైన దానితో) భాగిస్తే సెకన్లు వచ్చేస్తాయి. వచ్చిన అంకెను ఒక కాగితం మీద పెద్దగా రాసి బటన్ పైన అతికించండి. ఆ కాగితానికి మాత్రం తడిసినా చిరగని రకం వాడండి.